అడ్డాకులో బూడిద ఫొటో

డబ్బా మూత తీయగానే పాత నెగెటివ్‌ల పులుపు వాసన ముక్కులోంచి నేరుగా నడినెత్తికెక్కింది. మూడు తరాల చింతపండు ఒకే కుండలో ఊరితే అలా ఉంటుంది. అరకులో ముసురు పట్టిన రోజు; తలుపులన్నీ బిగించుకున్నాం కాబట్టి ఆ వాసనకు పారిపోయే దారి లేదు, మాకూ లేదు. ఎదురుగా కాఫీ నర్సరీలో పనిచేసే సుకిరి కూర్చుంది. ఆమె చేతిలో తల్లి ఫొటో. వలిసె పూల చేను మధ్య పసిపిల్లను చంకనేసుకుని నిలబడ్డ ఆ తల్లి నీలంగా ఉంది. కొంచెం నీలం కాదు, నీలిమందులో ముంచి దండెం మీద ఆరేసినంత నీలం. పసుప్పచ్చటి పూలేమో వెలిసిపోయి మజ్జిగ రంగుకు దిగాయి.

“సిన్నప్పుడు మాయమ్మ నిజంగా ఇలాగే ఉండేదనుకున్నానన్నా,” అంది సుకిరి. “నాన్న కూడా పోనాడు, సెప్పేవోళ్ళు లేరు. నా కూతురు, మా గుంటని సూసి మాయత్త ‘ఈ నలుపు ఎక్కడ్నించొచ్చిందే’ అని రోజూ దెప్పుతాది. నానేటి సెప్పాలి?”

ఆ డబ్బా నాకు ఇచ్చిపోయింది బంగారమ్మ అత్త. చుట్టరికం ఏమీ లేదు. ఆవిడ ఫొటో స్టూడియోలో నేను పనివాణ్ణి, ఆవిడ ఊరందరికీ అత్త. ఆవిడ అరకులో అరిస్తే టైడా స్టేషన్లో నిద్రపోతున్న గూడ్సు బండి ఉలిక్కిపడి బయల్దేరేదని నా నమ్మకం. కెమెరా మెళ్ళో వేసుకుని కొండెక్కిందంటే మేఘాలు పక్కకు జరిగేవి. ఎక్కడికెళ్ళినా బొమ్మ తీసే ముందు ఆ ఇంటి పొయ్యిలోంచి పిడికెడు బూడిద అడిగేది. దాన్ని విస్తళ్ళు కుట్టే అడ్డాకు మీద పరిచి, మనిషి నిలబడే ఎండలోనే పెట్టి, దానికొక ఫొటో తీసేది. సుకిరి వాళ్ళ ఊళ్ళో ఒక ముసలమ్మ అడ్డం పడింది.

“బూడిదెందుకే? సిల్లంగి పెడతావేటి?”

“నాకు సిల్లంగే వచ్చుంటే ముందు ఈడికి పెట్టీసి పని నేర్పుదును!” అని అత్త నన్ను చూపించింది. చేతబడికి కూడా లొంగని మొద్దునని ఆ కొండంతా పేరొచ్చింది. తర్వాత్తర్వాత కథ ఎంతదాకా పోయిందంటే, ఒక పెళ్ళిలో పెద్దాయన బుట్టెడు బూడిద మోసుకొచ్చి నా కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు. “బూడిద తియ్యకుండా పెళ్ళికొడుకుని తీత్తావేటి? బొమ్మ నిలబడదు!”

అసలు సంగతి వేరు. విశాఖపట్నంలో మేము రీళ్ళిచ్చే కలర్ ల్యాబ్‌లో ఒక మెషీన్ ఉండేది, ఏనుగును కూడా మింగేటంత. బొమ్మలో ఏ రంగు ఎక్కువ కనిపించినా అది తప్పేననుకుని దిద్దేసేది. సుకిరి తల్లి బొమ్మలో చేను నిండా పసుపు చూసి హడలిపోయి, బిందెలకొద్దీ నీలం గుమ్మరించింది. అత్త ఆ ప్రింటు పట్టుకుని ల్యాబ్ మీదకు దండెత్తింది, సైన్యం నేనొక్కణ్ణే.

“పసుపు ఎక్కువైంది మేడమ్, మెషీనే సరిచేసింది,” అన్నాడు ల్యాబతను.

“మా కొండల్లో పసుపు ఎక్కువే ఉంటాది బాబూ. నీ మెషీనొచ్చి సూసిందేటి? ఇదిగో, ఈ బూడిద బూడిదలాగొచ్చేదాకా రంగు తిప్పు. ఎంత తిప్పేవో అంతే, పక్క బొమ్మకీ తిప్పు. రంగు బొమ్మనడక్కు, బూడిదనడుగు.”

ఆ రోజు అక్కడ పెళ్ళి ఆల్బమ్‌ల వరదట, మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళేలోగా సుకిరి తల్లి జ్వరంతో పోయింది. తండ్రి స్టూడియోకొచ్చి, ఉన్న ఆ నీలం ప్రింటునే గుండెకు హత్తుకుని, పిల్లనెత్తుకుని పల్లానికి కూలికి పోయాడు. “ఆ మనిషిని మనిషి రంగులోకి తేవాలిరా గుంటడా,” అని అత్త చివరిదాకా అంటూనే ఉంది. నాకు అప్పటికే బట్టతల వచ్చినా ఆవిడకు గుంటడినే.

ఇప్పుడు మా ఇంట్లో తెల్లటి లైటు పలక మీద నెగెటివ్ పరిచి, పైనుంచి డిజిటల్ కెమెరాతో తీసి, కంప్యూటర్‌లో తిరగేశాను. ఫిల్ముకు పుట్టుకతో ఉండే నారింజ రంగును, బొమ్మ లేని అంచును చూసి తీసేశాను. ఆ తర్వాత ఆటో బటన్ నొక్కాను. తల్లి మళ్ళీ నీలం! ఇంత తెలివి మీరిన కంప్యూటర్, ఆ ముసలి మెషీన్ మనవడిలా అదే తప్పు చేసింది. చేత్తో దిద్దితే ఒకసారి పాచి పట్టిన విగ్రహం, ఇంకోసారి గులాబీ రంగు పీచు మిఠాయి.

సుకిరి నిట్టూర్చింది. “పోనీ అన్నా, నా మొకం సూసి ఆ రంగే ఏసీ.”

రెండు నిమిషాల పని. కానీ అది వాళ్ళమ్మ రంగు కాదు, నా ఊహ. “కుదరదు,” అన్నాను. బూడిద ఫొటో వెతకాలి. రీలును ముక్కలుగా కోసినప్పుడు అది వేరే ముక్కలోకి పోయింది. డబ్బాలో అరకు లోయంత నెగెటివ్‌లు. ప్రతి ఊరి బూడిదా ఉంది. సుకిరి వాళ్ళ ఊరిదే కనబడలేదు. అంచుల మీది నంబర్ల వరస, కత్తెర కోతలు కలుస్తాయేమో చూసుకుంటూ ఇద్దరం కూర్చున్నాం. టీలు చల్లారాయి, నడుం విల్లులా వంగింది, కళ్ళు ఉడికాయి. సాయంత్రానికి దొరికింది. అదే లైటు, అదే కొలతలతో దాన్నీ తీసి, బూడిదలో నీలం, ఎరుపు ఏదీ మిగలనంతవరకూ తిప్పాను. వచ్చిన అంకెల్ని ఒక్క వెంట్రుక కదపకుండా తల్లి బొమ్మకు పెట్టాను.

వలిసె పూలు భగ్గుమన్నాయి. వాటి మధ్య నల్లటి మనిషి. బాగా వేగిన కాఫీ గింజ నలుపు, నిగనిగలాడుతూ. సుకిరి తన చెయ్యి తెర పక్కన పెట్టింది. ఆమెది చామనఛాయ. ఎక్కడా పొంతన లేదు.

“నా రంగు కాదు,” అంది. తెరకు ఇంకా దగ్గరికి జరిగింది. తల్లి బుగ్గ మీద వేలు పెట్టింది. “మా గుంటది, అన్నా. అచ్చం మా గుంటే!”

జనం తొందరకో, ముచ్చటకో, జాలికో లొంగి రంగు మార్చకపోవడం ఒక్కటే నేను బంగారమ్మ అత్త దగ్గర నేర్చుకున్న విద్య. డబ్బాలో ఇంకా ఎందరో ఉన్నారు, ఒక్కొక్కరినీ తెస్తాను. మర్నాడు ప్రింటు వేయించడానికి వెళితే షాపతను బొమ్మ చూసి, “కాస్త తెలుపు పెంచమంటారా సార్?” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా సుకిరి కౌంటరు మీదకు వంగింది.

“ఒక్క రవ్వ పెంచినా ఊరుకోను. బేగి ప్రింటు కొట్టు, మాయత్తకి సూపించాలి.”