గాలి రోజు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏళ్లుగా మోస్తున్నాను. బయటికి చూస్తే పెద్ద నేరమేమీ కాదు. పోలీసు కేసు కాదు, ఒకరి సొమ్ము తినలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. అయినా అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోతాను. మా ఆవిడ గ్యాస్ అంటుంది, జీలకర్ర నీళ్లు కాచి ఇస్తుంది. తాగుతాను. ఆమెకు కూడా చెప్పలేదు మరి.

నేను చేసింది ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది. ఒక అమ్మాయి బాగా కాల్చిన రోజుల్ని నేను గాలి రోజులని ప్రకటించాను.

అర్థం కాలేదు కదా? బయటివాళ్లకు అర్థం కాదు. లోపలివాళ్లు అడగలేదు. అందుకే ఇన్నాళ్లు దొరక్కుండా ఉన్నాను. కొంచెం ఓపిక పట్టండి, మొదటి నుంచి చెబుతాను.

మాది జహనుమా. తాతల కాలం నుంచి పాతబస్తీలో ఒక చిన్న గుడి అర్చకత్వం మా ఇంట్లో ఉంది. అది అన్నయ్యకు వెళ్లింది, నేను సర్కారు ఆఫీసులో గుమాస్తానయ్యాను. తుపాకీకీ మా ఇంటికీ ఎక్కడి పొత్తు? మా ఆఫీసరు ఒకాయన ఊరి బయట షూటింగ్ క్లబ్బులో మెంబరు. ఆదివారాలు స్కోర్లు రాయడానికి మనిషి కావాలని నన్ను వెంట తీసుకెళ్లేవాడు. రాస్తూ రాస్తూ ఒకనాడు ఆయన తుపాకీ అడిగి నేనూ కాల్చాను. మట్టి పళ్లెం ఆకాశంలో పగిలి పొడిపొడి అయింది. అంతే, పిచ్చి పట్టింది. నాన్న బతికుండగా ఒకసారి భయపడుతూ అడిగాడు, ఏ జీవాల్ని చంపుతున్నావురా అని. జీవాలు కాదు నాన్నా, మట్టి పళ్లేలు అన్నాను. పళ్లేలు పగలగొట్టడానికి తుపాకీ ఎందుకురా, మీ అమ్మ చేతికిస్తే చాలదా అన్నాడు. చాలా రోజులు ఇంట్లో అదే నవ్వు.

ఆట ఇలా ఉంటుంది. ముందు ఒక గుంటలో యంత్రం. మీరు తుపాకీ భుజానికి ఆనించి ‘పుల్’ అని అరవగానే అది అరచేయంత పళ్లేన్ని విసురుతుంది. ఎటు విసురుతుందో తెలియదు. అది నేల మీద పడేలోగా కాల్చాలి. ఒక్క ముక్కయినా ఊడి పడితేనే లెక్క. అందరి చేయీ ఒకేలా ఉండదు కాబట్టి గ్రేడ్లు పెట్టారు. సగటు బాగా ఉన్నవాళ్లు ‘ఏ’, ఆ తర్వాత ‘బి’, కొత్తవాళ్లు ‘సి’. ఏ గ్రేడ్ వాళ్లు వెనక గీత మీద, దూరంగా నిలబడి కాల్చాలి. బి, సి వాళ్లది ముందు గీత. ఎవరు ఏ గ్రేడో, ఏ గీత మీద నిలబడాలో తేల్చేవాణ్ణి హ్యాండికాపర్ అంటారు. మా క్లబ్బు హ్యాండికాపర్‌ని నేను. గుడి ఇంటివాడు, అబద్ధమాడడు అని అందరూ కలిసి నన్ను కూర్చోబెట్టారు. నేనూ వాళ్లతో పాటు కాల్చేవాణ్ణే. నా గ్రేడ్ కూడా నేనే తేల్చుకునేవాణ్ణి. అదేంటని ఎవరూ అనలేదు. నాకూ అనిపించలేదు.

ఇక గాలి సంగతి. మా మైదానం రాళ్లగుట్టల మధ్య ఉంది. ఆషాఢంలో గాలి విసిరితే పళ్లెం ఉన్నట్టుండి పైకి లేస్తుంది, లేదా దబ్బున కిందికి దిగుతుంది. ఎంత మంచి చేతికైనా తప్పుతుంది. ఆ ఒక్క రోజు దెబ్బకు ఎవరి గ్రేడూ పడిపోకూడదని, గాలి రోజున కొట్టిన స్కోరు సగటులో కలపకూడదని మా దగ్గర ఒక పద్ధతి. ఆనాటి ప్రైజు ఆనాడే ఇచ్చేస్తాం, గ్రేడ్ లెక్కలోకి మాత్రం రానివ్వం. ఫలానా రోజు గాలి రోజు అవునా కాదా అన్నది హ్యాండికాపర్ మాట. ఆట మొదలు కాకముందే చెప్పాలని మొదట్లో రూలు ఉండేది. మధ్యలో గాలి లేస్తే ఎలా అని మీటింగులో నేనే అడిగి, ఆట అయ్యాక చెప్పేలా మార్పించాను. అప్పటికి నా మనసులో ఏ చెడూ లేదు. నిజంగా లేదు. మీరు నమ్మకపోయినా, ఈ ఒక్కటైనా నేను నమ్మాలి.

ఆ అమ్మాయి అసలు పేరు రాయను. మంజుల అనుకోండి. ధూల్‌పేట్ పిల్ల. వాళ్ల బాపు వినాయకులకు రంగులు వేసేవాడు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉండేది, అక్కడి నుంచి మా క్లబ్బుకు పంపారు. అలాంటి పిల్లలకు తుపాకీ, తూటాలు క్లబ్బే ఇచ్చేది. వచ్చిన కొద్ది నెలలకే సి నుంచి బికి ఎక్కింది. ఎక్కించింది నేనే, సంతోషంగానే.

ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఆమె మామూలుగానే కొట్టేది. గాలి లేచిందా, ఇంకో మనిషి. చిన్నప్పటి నుంచి మిద్దెల మీద పతంగులు ఎగరేసిన పిల్ల కదా. మేమంతా గాలిని తిట్టుకుంటూ గబగబా కాల్చేస్తుంటే ఆమె గీత మీద నిలబడి ఆగేది. గాలి ఎప్పుడు సన్నబడుతుందో ఆమెకు తెలిసేది. సన్నబడిన ఆ కాస్త సందులో ‘పుల్’ అనేది. పళ్లెం ముక్కలయ్యేది. ఒకనాడు ఆట ముగిసి అందరూ చాయ్ దగ్గర ఉంటే, తనంతట తాను వెనక గీత మీదికి వెళ్లి కాల్చింది. అక్కడి నుంచి కూడా అంతే. చాయ్ గ్లాసు పట్టుకుని నేను ఒక్కణ్ణే చూశాను.

చూసి సంతోషపడ్డానా? లేదు. ఎందుకో చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ.

రాష్ట్ర సెలక్షన్లకు మా క్లబ్బు నుంచి ఏ గ్రేడ్ వాళ్లు ఇద్దరు వెళ్లవచ్చు. మొదటి మనిషి ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన, ఆయన్ని కదిలించే మొనగాడు లేడు. రెండో మనిషిని నేను. ఏటా వెళ్లేవాణ్ణి, ఏటా కింది వరుసలోనే ఉండేవాణ్ణి. అయినా క్లబ్బు కోటు వేసుకుని వెళ్లేవాణ్ణి. ఆ ఫొటోలు ఆఫీసులో చూపించేవాణ్ణి. ఫైళ్లు మోసే మనిషిని ఆ కోటులో చూసి మా ఆఫీసరు కూడా ‘మీరు’ అనేవాడు. అదే నా ఆస్తి. మంజుల ఏ గ్రేడ్‌లోకి వస్తే రెండో మనిషి ఆమే అవుతుందని నాకు లెక్క వేయకుండానే తెలుసు.

జూనియర్‌గా ఆడటానికి ఆమెకు అది ఆఖరి ఏడాది. సెలక్షన్‌కు వెళ్తే ఆడనిస్తానని, లేకపోతే ఇవన్నీ మాని ఏదో ఒక పనిలో చేరాలని వాళ్ల బాపు తేల్చి చెప్పాడు. ఈ సంగతి నాకెలా తెలుసు? ఆమే చెప్పింది. నన్ను అయినవాడనుకుని చెప్పింది.

ఆ వానాకాలం ఒక ఆదివారం ఆమె మా అందరికంటే ఎక్కువ కొట్టింది. మిలిటరీ ఆయన కంటే కూడా. గాలి ఉంది, కాదనను. కానీ రోజునే కొట్టిపారేసేంత లేదు. గాలి చూడటానికి వెదురుగడకు కట్టిన గుడ్డముక్క అప్పుడప్పుడు ఊగుతోంది, అంతే. అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. నేను గుడ్డ వైపు చూశాను. ఆమె స్కోరు చూశాను. నా స్కోరు చూసుకున్నాను.

గాలి రోజు అన్నాను.

చప్పట్లు కొట్టారండీ. అందరి స్కోర్లూ అధ్వానంగా ఉన్నాయి మరి, అవన్నీ పోయాయి. ‘బతికించినవ్ భాయ్’ అని ఒకాయన వీపు మీద చరిచాడు. అందరికీ మేలు చేసినవాడిలా నిలబడ్డాను. ఆనాటి బి గ్రేడ్ ప్రైజుగా మంజులకు ఒక ప్రెషర్ కుక్కర్ ఇచ్చాం. ఫొటో కూడా దిగాం. ఆ తర్వాత ఎన్నిసార్లు అలా అన్నాను? మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొదటిసారి కష్టమైంది. తర్వాత నోరు అలవాటు పడింది. క్లబ్బుల మధ్య జరిగే టీమ్ షీల్డుకు మనకొక గట్టి బి గ్రేడ్ మనిషి కావాలి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చిన్న పిల్ల, ఇంకా బోలెడు వయసుంది అనుకున్నాను. ఆఖరి ఏడాది అని తెలిసి కూడా అనుకున్నాను. మనిషి తనకు తాను ఇంత మొహం మీదే అబద్ధం చెప్పుకుని, దాన్ని నమ్మి, సాయంత్రం గుడికి వెళ్లి తీర్థం పుచ్చుకోగలడా? పుచ్చుకున్నాను.

సెలక్షన్లకు పేర్లు పంపడానికి ముందు జరిగిన ఆఖరి షూట్‌ను కూడా గాలి రోజు చేశాను. నేను తుపాకీ తుడుచుకుంటుంటే మంజుల వచ్చి నా పక్కన నిలబడింది.

“అంకుల్, ఇయ్యాల గాలి అంతగనం లేకుండె కదా?”

“పొద్దుగాల లేదు బిడ్డా. నడుమల లేచింది.”

“గాలి లేస్తే నాకు తెల్వదా అంకుల్?”

గొట్టంలో గుడ్డ తోస్తూ కూర్చున్నాను.

“సరే, అది ఇడిసిపెట్టుండ్రి. ఒక్క మాట నిజం చెప్పుండ్రి. నేను ఏ గ్రేడ్‌కు పనికొస్తనా? రానంటే రానని చెప్పుండ్రి, ఫికర్ చెయ్య. బాపుకు నేనే చెప్పుకుంట.”

“నీది బి చెయ్యి బిడ్డా. లెక్కల కూడ అదే వస్తున్నది.”

“బాపును బతిలాడి ఇంక ఒక ఏడాది పెద్దోళ్లల్ల గట్టిగ చేస్తే?”

“నాకు తెలిసి కష్టమే. ఊకె ఆశ పెట్టుకోకు.”

“మీరు చెప్తున్నరంటే గంతే ఉంటది,” అంది. కోపంగా అనలేదు. క్లబ్బు తుపాకీ తుడిచి అప్పజెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

రోజుల్ని కొట్టేయడం ఒక తప్పు. దానికైతే రూలు ఉంది, గాలి ఉంది, చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు. కొంత వాళ్ల మీదికి తోసేయగలను. ఈ మాట ఎవరి మీదికి తోసేది? ఆమె గ్రేడ్ అడగలేదు. తన చెయ్యి ఎలాంటిదని అడిగింది. ఆ చెయ్యి ఎలాంటిదో లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషిని నేను.

ఆ ఏడాది సెలక్షన్లకు కోటు వేసుకుని వెళ్లాను. అక్కడ దుమ్ము లేచేంత గాలి. పెద్ద పెద్ద ఆటగాళ్లే తప్పుతున్నారు. అక్కడ గాలి రోజులు ఉండవు, ఎంత కొడితే అంతే. నేను గీత మీద నిలబడి ‘పుల్’ అన్నప్పుడల్లా పళ్లెం ఎగిరి ఎటో పోయింది. ఆమెలా ఆగి చూద్దామనుకున్నాను. ఎంతసేపు ఆగాలో నాకు తెలియలేదు. ఆ పూట నిజంగా ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత రెండుసార్లు హ్యాండికాపర్ పని మానేస్తానన్నాను. ఒప్పుకోలేదు. ‘నువ్వు పోతే నమ్మేదెవర్ని భాయ్’ అన్నారు. నిజం చెప్పేద్దామా అంటే, ఆ రోజులన్నీ తిరిగి లెక్కలోకి వస్తే మంజుల పైకి రావడంతో ఆగదు, ఎందరో కిందికి వస్తారు. వాళ్లు ఆమె కోసం బాధపడరు, తమ గ్రేడ్ల కోసం నా మీద పడతారు. అందుకని నోరు మూసుకున్నాను. ప్రతి ఆదివారం అదే కుర్చీలో కూర్చుంటాను. వాళ్ల మర్యాదే నాకు తలుపు గొళ్లెం అయింది. ధూల్‌పేట్ మీదుగా వెళ్లడం మానేశాను. వినాయకుల రోజుల్లో ఆటోవాడు అటు తిప్పితే, ఇక్కడే దిగుతానని దిగి చుట్టూ తిరిగి నడుస్తాను.

మొన్నామధ్య యాకుత్‌పురా స్టేషన్‌లో ఆమే నన్ను గుర్తుపట్టింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తోందట. ‘అంకుల్, మంచిగున్నరా’ అని చెయ్యి పట్టుకుంది. క్లబ్బులో అందరి గురించీ పేరుపేరునా అడిగింది. తర్వాత నవ్వుతూ అంది:

“మావోళ్లు ఇప్పటికీ అంటరు అంకుల్, ఇంకో ఏడాది ఆడేది ఉండె అని. నేనే నోరు మూపిస్త. మా అంకుల్ మొహమాటం లేకుండ చెప్పిండు, నాది బి చెయ్యని. మీరన్నా చెప్పిన్రు. లేకుంటే ఊకె ఆశ పెట్టుకుని ఉంటుంటి.”

నిజం నాలుక చివరికి వచ్చింది. ఒట్టు, వచ్చింది. బండి కూత వినబడింది. ‘టైంకు తింటున్నవా బిడ్డా’ అన్నాను. తల ఊపి బండెక్కింది. చోటు దొరక్క తలుపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపింది. నేను కూడా ఊపాను.

ఆమె ఉద్యోగం చేసుకుంటోంది, బాగానే ఉంది, నేను చెప్పి చెడగొట్టడమెందుకు అని ఆ రోజంతా అనుకున్నాను. ఇది కూడా పాత సర్దుబాటే. ఆమె నేను చెప్పిన అబద్ధాన్ని పట్టుకుని సొంతవాళ్లతోనే వాదిస్తోంది. తనను తాను తక్కువ చేసుకోవడానికి నన్ను సాక్ష్యం పెట్టుకుంటోంది. అది విన్నాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. క్షమించమని ఆమెను అడగను. అడిగితే ఆమె సరే అంటుంది, అలాంటి పిల్ల. ఆ సరే నాకు వద్దు. మీరు ఇది చదివేలోగా వెళ్లి ఆమెకు చెబుతానని మాట కూడా ఇవ్వలేను, నా ధైర్యం ఎంతో నాకు తెలుసు. మీకు చెప్పాను కాబట్టి కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకంటే ఏమీ మారలేదు.

ఒక్కటి మిగిలింది. ఇన్నేళ్లూ చెయ్యడానికి భయపడ్డ లెక్క అది, నిన్న చేశాను. ఆ స్కోర్లు నాకు నోటికి వచ్చు, కాగితం అక్కర్లేదు. నేను కొట్టేసిన రోజులన్నీ తిరిగి కలిపాను, ఆమెవి ఆమెకు, నావి నాకు. హ్యాండికాపర్‌గా చెబుతున్నాను, రాసుకోండి. మంజుల ఏ గ్రేడ్. నేను బి.