అరవై లక్షల మందిని కొట్టేసిన జవాబు

2024వ సంవత్సరం. ఏలూరుకు దక్షిణంగా, కొల్లేటి ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ మాస్టారిని. తొమ్మిదో తరగతి ఫార్మేటివ్ పేపర్లు దిద్దుతున్నాను. ఫార్మేటివ్ అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష. హిట్లర్ పాలనలో యూదులకు ఏం జరిగిందన్న ప్రశ్నకు హారిక ఇలా రాసింది: "అరవై లక్షల మందిని చంపారన్నది కట్టుకథ. యూదులే అలా రాయించారు." ముత్యాల్లాంటి చేతిరాత. క్లాస్ ఫస్ట్ పిల్ల.

నాకు ఒళ్ళు మండిపోయింది. సున్నా చుట్టి పిలిపించాను.

"ఎక్కడ చదివావమ్మా ఈ చెత్త?"

"మీరు పంపిన ఛానెల్లోనేనండి."

నిజమే. పెదవేగి శాసనాల మీద ఆ ఛానెల్ వాళ్ళు చేసిన వీడియో రెండు నిమిషాలు చూసి, బాగుంది కదా అని క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మాస్టారు పెట్టారంటే పిల్లలకి అది హోంవర్కే. హారిక ఆ ఛానెల్లో చేరింది, అక్కడినుంచి వాళ్ళ గ్రూపులోకి వెళ్ళింది. మొదట 'ఊరికే అడుగుతున్నాం' అంటూ ప్రశ్నలు, ఆనక యూదుల మీద విషం. ఎదురు అడిగినవాళ్ళని గ్రూపులోంచి తీసేసేవారట.

మర్నాడు లీజర్ పీరియడ్లో, అంటే నాకు క్లాసు లేని గంటలో, ఆధారాలు ఆమె ముందు పెట్టాను. చంపినవాళ్ళు స్వయంగా రాసుకున్న కాగితాలు, కోర్టుల్లో వాళ్ళు ఒప్పుకున్న సంగతులు, చెల్లెల్ని పోగొట్టుకుని బతికి బయటపడ్డ ఒకావిడ సాక్ష్యం.

"అవన్నీ కూడా పుట్టించినవేనంటండి," అంది తల దించుకుని.

ఏ రుజువు చూపినా అదీ కుట్రలో భాగమే అయిపోతోంది. అరవాలనిపించింది, అరవలేదు. ఆ సాక్ష్యం కాగితం మాత్రం ఆమె చేతికిచ్చి, తర్వాతి పీరియడ్లో క్లాసంతటికీ చెప్పాను. "తప్పు నాదర్రా. పూర్తిగా చూడకుండా పంపాను. ఆ ఛానెల్ చెప్పేది పచ్చి అబద్ధం. ఆ జనాన్ని నిజంగానే చంపారు."

సాయంత్రం హారిక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. కాగితం చేతిలోనే ఉంది.

"ఇందులో చనిపోయిన పాపది మా చెల్లి వయసేనండి."

"అవునమ్మా."

"మీరు హిట్లర్ పాఠం చెప్పిన రోజు నేను అన్నం తినలేకపోయానండి. అదంతా అబద్ధమని వాళ్ళు చెప్పగానే, హమ్మయ్య అనిపించిందండి." అంటూనే ఏడ్చేసింది.

నాకూ ఏడుపొచ్చింది. ఆ పాఠాన్ని నలభై నిమిషాల్లో ముగించేసి, ముఖ్యమైన ప్రశ్నలకి టిక్కులు పెట్టించి వెళ్ళిపోయినవాణ్ణి నేను. ఒక పిల్ల అన్నం మానేసిందని నాకు తెలియనే తెలియదు. ఆ భయాన్ని తీర్చే పని ఆ గ్రూపువాళ్ళకి వదిలేశాను.

ఇప్పుడు ఆ పాఠం చెప్పిన రోజు ప్రశ్నలు రాయించను. పిల్లల మధ్య కూర్చుని, భయమేసిందా అని అడుగుతాను. వేసిందండి అంటారు. వేస్తుందమ్మా, అది నిజం కాబట్టి, అంటాను.