నేలవేము కషాయానికి డాక్టరేటు

మొన్న తిరుపతిలో ఒక కాలేజీకి పరీక్షకురాలిగా పిలిస్తే వెళ్లాను. ఒక అమ్మాయి తెరమీద బొమ్మలు చూపిస్తూ, ఆకుల నుంచి మందు పదార్థాన్ని తీయడానికి మనిషికీ మట్టికీ హాని చేయని ద్రావకాలు వాడామని, అదేదో ఈమధ్యే పుట్టిన విద్య అన్నట్టు గడగడా చెబుతుంటే నాకు నవ్వూ వచ్చింది, కాస్త గర్వమూ కలిగింది. మేమూ చేశాం తల్లీ, దానికో పేరుందని తెలియకుండానే చేశాం.

తొంభైల నాటి మాట. నా పరిశోధన నేలవేము మీద, జ్వరమొస్తే మన అమ్మలు కషాయం కాచి ముక్కు మూసి తాగించిన ఆ చేదు ఆకు మీద. ఆ చేదును విడదీయడానికి క్లోరోఫారం వాడేవాళ్లం. కిటికీలన్నీ తెరిచినా సాయంత్రానికి తల దిమ్మెక్కేది. మాకు తలనొప్పితో పోయేది గానీ, ఫ్లాస్కుల అడుగున పట్టిన పచ్చటి జిగురును అదే క్లోరోఫారం పోసి వట్టి చేతులతో కడిగే మా అటెండరు అన్నకు అరచేతులు పగిలి నెత్తురు చిమ్మేవి. చిత్తూరు పక్క పల్లె మనిషి, రాగిసంగటీ, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడీ తప్ప వేరే తిండి రుచించని మనిషి, ఒకనాడు మధ్యాహ్నం సంగటిని చెంచాతో పొడుచుకుంటూ కనిపించాడు. "కారం తగిల్తే చేతులు మండతా ఉండాయమ్మా. చెంచాతో తింటే సంగటి తిన్నెట్లే లేదు" అన్నాడు.

మర్నాడే మా గైడుగారి దగ్గరికి వెళ్లి ఇక క్లోరోఫారం ముట్టనన్నాను. ఆయనకు కోపం ముక్కుమీదే ఉండేది. "నీళ్లల్లో ఉడకబెడితే కషాయమైతాది గానీ డాక్టరేటు యాడొస్తాదమ్మా? నెల టైమిస్తా, కాకపోతే మళ్లా పాతదారే" అన్నారు. మొదట ఆయన మాటే నిజమైంది. పంతానికి పోయి ఉత్త నీళ్లతో కాచాను, మూడోనాటికి బూజు పట్టింది, మళ్లీ కాచాను, మళ్లీ పట్టింది, అలా సగం నెల హరించుకుపోయాక గానీ నీళ్లలో స్పిరిట్ కలపాలని తోచలేదు. అవేమో మద్యనిషేధం రోజులు. విషంలాంటి క్లోరోఫారం అడిగినంత ఇచ్చేవాళ్లు, స్పిరిట్‌కు మాత్రం ఎక్సైజు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. అక్కడి గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, ఆకులకే కదా అని మూడుసార్లు అడిగి నిర్ధారించుకున్నాక సంతకం పెట్టించాడు.

ఏడు పాళ్ల స్పిరిట్‌కు మూడు పాళ్ల నీళ్లు కలిపి, నీడన ఎండిన ఆకును నానబెట్టి, సన్నగా వేడిచేసి వడగడితే, నెల నిండబోయే వేళకు ఆ చేదు తెల్లటి పలుకులుగా తేలింది. క్లోరోఫారంతో వచ్చినదానికన్నా రవ్వంత తక్కువ, అంతే. గైడుగారు ఒక పలుకు నాలుక్కి రాసుకుని, మొహం చిట్లించి, ఆ నెల తెప్పించాల్సిన సరుకుల ఇండెంటులో క్లోరోఫారం పేరు కొట్టేశారు.

ఫ్లాస్కులు వేన్నీళ్లకూ సబ్బుకూ లొంగాయి. కొన్నాళ్లకు అన్న చేతులు మానాయి. వరండాలో కూర్చుని వేళ్లతో సంగటి ముద్ద చేసి ఊరిబిండిలో అద్దుకుని మింగుతుంటే చాటుగా చూసి కళ్లు తుడుచుకున్నాను. పట్టా అందుకున్ననాడు కూడా నేనంత గర్వపడలేదు, ఒట్టు.

ఇప్పటి పిల్లలకు చేతులకు తొడుగులున్నాయి, ఆవిరిని బయటికి లాగేసే అల్మరాలున్నాయి, గాజు సామాను యంత్రాలే కడుగుతున్నాయి. సంతోషమే. ఈ దారి ఎందుకు పట్టావని ఆ అమ్మాయిని అడిగితే భూమి కోసం అంది. పెద్ద మాటే, మంచి మాటే, అయితే ఆ రోజుల్లో నాకు భూమి సంగతి తట్టనే లేదు, కళ్లముందు ఒక మనిషి చేతులే ఉండేవి. నా డాక్టరేటు సిద్ధాంతగ్రంథం మొదటి పేజీలో గైడుగారికీ, మావారికీ, చివరికి ఎక్సైజు ఆఫీసుకు కూడా కృతజ్ఞతలు రాసుకున్నాను. అన్న పేరు రాయాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు చెప్పుకుందామంటే ఆయన లేడు.