బ్రహ్మం కట్టిన నూలు ముళ్లు

"పైపుది తప్పు కాదే. పైపు మంచిగనే ఉండె. దాన్ని కోసిన సంగతే నాకెవ్వరు చెప్పలే అంటున్న."

"నిన్న గదే చెప్పినవు, మొన్న గదే చెప్పినవు. చాయ్ చల్లగైతుంది, తాగు" అంది భార్య రాజమ్మ.

బ్రహ్మం గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చేతిలో ఒక నూలు పోగు. దాన్ని చూపుడువేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. నాలుగు రోజులుగా ఇంట్లో ఉన్నంతసేపూ ఇదే వరస. కొత్తపేటలో వాళ్లుండే ఆ రెండు గదుల్లోనే ఆయన నడిచిన నడకకు ఈపాటికి సొంతూరు పోచంపల్లి చేరి తిరిగొచ్చేవాడు.

ఆ పైపు గొడవ తెలియాలంటే ముందు బ్రహ్మం ముడి సంగతి తెలియాలి.

బ్రహ్మం ఇంటిల్లిపాదీ మగ్గం మనుషులు. ఆయనకేమో మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. ఇరవై ఏళ్ల వయసులో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఒక మేస్త్రీ దగ్గర కరెంటు పని నేర్చుకున్నాడు. మగ్గాన్ని వదిలాడు గానీ ముడిని వదల్లేదు. పోచంపల్లిలో నూలుకు రంగు అద్దేముందు అక్కడక్కడా గట్టిగా చుట్టి ముడేస్తారు, ముడి ఉన్నచోటికి రంగు పోదు. దాన్ని చిటికి కట్టడం అంటారు. చిన్నప్పుడు వాళ్ల నాయిన పక్కన కూర్చుని ఎన్ని వేల ముళ్లు కట్టాడో. పట్నంలో ఇళ్లకు వైరింగ్ చేసేటప్పుడు యజమానులు ఏదో ఒకే రంగు వైరు చుట్టలు తెచ్చి పడేసేవాళ్లు. వాటిలో ఎర్తు వైరు ఏదో పోల్చుకోవడం ఎలా? బ్రహ్మం సంచిలో వాళ్ల నాయిన నేసిన చీరల మిగులు నూలు ఉండేది. రెండు వైర్లు కట్టిన బల్బొకటి కరెంటు వైరుకూ ఎర్తు వైరుకూ మధ్య పెట్టి చూసేవాడు. బల్బు నిండుగా వెలిగిందా, ఎర్తు సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు ఆ వైరు మెడకు మూడు చుట్లు చుట్టి ముడేసేవాడు.

కొన్నేళ్లకు ఆ ముడికి పేరొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ ఎలక్ట్రీషియన్ పాత స్విచ్చుబోర్డు విప్పినా, లోపల నూలు ముడి కనిపిస్తే "ఇది బ్రహ్మమన్న పని" అనేవాడు. ఇంక దాని జోలికి పోయేవాడు కాదు.

నాలుగు రోజుల కింద బట్టల దుకాణం విజయ్‌కుమార్ కబురు పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇల్లు కట్టి పాతికేళ్లు. కొత్తగా రెండు ఏసీలు పెట్టాలి, పాత పింగాణీ ఫ్యూజులు పీకేసి ఎంసీబీ స్విచ్చులు వేయాలి, మొత్తం వైరింగ్ మార్చాలి. ఆనాడు పని చేసిన బ్రహ్మమే ఇప్పుడూ చేయాలని ఆయన పట్టు. బ్రహ్మం గీజర్ పక్కనున్న బోర్డు విప్పాడు. తను కట్టిన చిలకాకుపచ్చ ముడి అలాగే ఉంది. పాత చుట్టాన్ని చూసినంత సంతోషమేసింది. అలవాటు కొద్దీ బల్బు పెట్టాడు.

బల్బు వెలగలేదు.

బల్బు మార్చాడు. అయినా వెలగలేదు. ఆ వైరు పట్టుకుని గోడ వెంట పోతే, బాత్రూము వెనక ఇనుప నల్లా పైపుకు బిగించిన పట్టీ దగ్గర తేలింది. పట్టీ గట్టిగానే ఉంది. దాని కింద జానెడు దూరంలో పైపును రంపంతో కోసి ఉంది. అక్కడి నుంచి అంతా తెల్లటి ప్లాస్టిక్ పైపు.

"సార్, గీ పైపులు ఎప్పుడు మార్చిండ్రు?"

"మూడేండ్లయితుందన్నా. తుప్పు నీళ్లొస్తుంటే ప్లంబర్ అన్ని తీసి తెల్లయి ఏసిండు. ఏమాయె?"

"గీజర్ నీళ్లు పట్టుకుంటే ఎప్పుడన్న జిల్లుమన్నదా?"

"మా ఆమె అంటది. నీకు నన్ను చూసినా జిల్లుమంటది గదా అని నవ్వి ఊకున్న."

బ్రహ్మానికి నవ్వు రాలేదు. ఎర్తంటే వేరే ఏమీ లేదు, దారి తప్పిన కరెంటు మనిషి ఒంట్లోంచి పోకుండా నేలలోకి దిగిపోవడానికి వేసిన తోవ. అసలైతే వాకిట్లో లోతుగా గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, ఇనుప గొట్టం పాతాలి. ఆ రోజుల్లో తవ్వనిచ్చేవాళ్లు తక్కువ. ఇనుప నల్లా పైపు ఎలాగూ నేలలోకే పోతోంది కదా అని దానికే కట్టేవాళ్లు. అందరూ కట్టారు, బ్రహ్మమూ కట్టాడు. బల్బు వెలిగేది. ఆ పైపు ప్లాస్టిక్ అయిననాడు ఆ తోవ ఎక్కడికీ పోదని ఎవరనుకున్నారు? ముడి మాత్రం లోపల కూర్చుని అంతా బాగుందని సాక్ష్యం చెబుతూనే ఉంది.

బ్రహ్మం ఆ సాయంత్రమే విజయ్‌కుమార్ వాకిట్లో గుంత తవ్వించాడు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలా పైపుకు కట్టిన ఇళ్లు ఇంకెన్ని?

రాసిపెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. ఉన్నదల్లా ఒక పాత బిస్కెట్ల డబ్బా, అందులో మిగిలిన నూలు తునకలు. మర్నాడు పొద్దున్నే వాటిని చాప మీద పరిచి కూర్చున్నాడు. ఏ ఏడు నాయిన ఏ రంగు చీరలు నేశాడో, ఆ ఏడు ముళ్లన్నీ ఆ రంగే. నీలం అనగానే సరూర్‌నగర్ ఇల్లు, పసుపు అనగానే ఎల్బీనగర్‌లో రెండు ఇళ్లు యాదికొచ్చాయి. ఒక్కో రంగూ పట్టుకుని స్కూటరెక్కాడు.

కొత్తపేటలో ఒక ఇంటి కోసం పోతే అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచి ఉంది. తన పని నేలమట్టమైందని బ్రహ్మం సంతోషపడటం జన్మలో అదే మొదలు. ఎల్బీనగర్‌లో అండాలమ్మ అనే పెద్దావిడ గేటు తీయకుండానే నిలదీసింది.

"పిలిస్తే నాలుగు దినాలకొచ్చేటోనివి, ఇయ్యాల పిలవకున్నా ఎట్లొచ్చినవు?"

"ఎర్త్ చూసి పోతనమ్మా. పది నిమిషాలు."

"పని దొరుకుతలేదా?"

"దొరుకుతున్నది. అది ఇడిసిపెట్టే ఒచ్చిన."

"గట్లయితే చెప్పులు బయట ఇడువు. ఇప్పుడే తుడిసిన."

వాళ్ల పైపు ఇంకా ఇనుపదే. బల్బు నిండుగా వెలిగింది. "పైపు మారిస్తే ముందు నాకు చెప్పాలె" అని మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి చెప్పబోతే ఆవిడ గేటు వేసేసింది.

అలా నాలుగు రోజుల్లో అన్ని రంగులూ తేలాయి, ఒక్కటి తప్ప. ఇప్పుడు వేలికి చుట్టి విప్పుతున్నది ఆ ఒక్కటే, మెరూన్ రంగు పోగు.

"చంపాపేట్ దిక్కు అని యాదికున్నది. ఇల్లు యాదికొస్తలేదు" అన్నాడు.

రాజమ్మ వచ్చి పోగును వెలుతురుకు పట్టి చూసింది. ఆ నూలు కండెలకు చుట్టిన చేతులు ఆమెవి.

"ఇది మన ప్రసన్న నా కడుపులున్న ఏడుది. మామ ఆ ఏడంత మెరూనే నేసిండు. నువ్వప్పుడు ఎవరింట్ల చేసినవు? ఆమెనే, మార్బులమ్మ. బండలు పలుగుతయని రోజు లొల్లి పెడుతుందని అన్నం తినుకుంట తిట్టేటోనివి."

బ్రహ్మం గ్లాసు కింద పెట్టేశాడు. చాయ్ అలాగే ఉంది.

మార్బులమ్మ అసలు పేరు విజయదుర్గ. కోస్తా నుంచి వచ్చి చంపాపేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. మాట తీపి, పట్టు ఇనుము. స్కూటరు చంపాపేట రోడ్డు మీద ఆటోల మధ్య దూరుతుంటే ఆనాటి మాటలు ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి.

"గుంత తవ్వుతారా? నిన్ననే కదండీ పాలిష్ పెట్టించాం బ్రహ్మంగారూ. ఆ కుళాయి పైపు ఉందిగా, దానికి కట్టేయండి. అందరూ అలాగే కడుతున్నారట."

అందరి ఇళ్లలోనూ ఏదో తొందరలో కట్టాడు. ఈ ఒక్క ఇంట్లో మాత్రం గుంత తవ్వే మనుషుల్ని కూడా తీసుకుపోయి, ఆమె ముందు నోరు పెగలక, వాళ్లను వెనక్కి పంపి మరీ పైపుకు కట్టాడు. ఇల్లు ఎందుకు యాదికి రాలేదో ఇప్పుడర్థమైంది.

గేటు ముందు స్కూటరు ఆపేసరికే చూపు గోడ మీదికి పోయింది. కింద నుంచి పైదాకా కొత్త తెల్ల పైపులు.

తలుపు తీసింది జ్యోతిక. నల్గొండ పక్క ఊరు, భర్త లారీ నడుపుతాడు, ఆ ఇంట్లో కిరాయికుండి రెండేళ్లు; విజయదుర్గ ఇప్పుడు వేరేచోట ఉంటోంది. బ్రహ్మం సంగతి చెప్పి లోపలికి నడిచాడు. బాత్రూము గడప ముందు రబ్బరు చెప్పులు వరసగా ఉన్నాయి. మూడు పెద్ద జతలు, చివర అరచేతిలో పట్టే గులాబీ రంగు జత.

"గీ చెప్పులేందమ్మా?"

"నల్లా పట్టుకుంటే చుర్రుమంటది అంకుల్. చెప్పులేసుకుంటే అనదు. అందరం గట్లనే తానం చేస్తున్నం. పాపకు మొన్ననే కొన్న."

బ్రహ్మం కాసేపు ఆ చిన్న జత వంకే చూశాడు. తర్వాత గబగబా మెయిన్ ఆపి బోర్డు విప్పాడు. మెరూన్ ముడి రంగైనా వెలిసిపోలేదు. దాని కింద గీజర్ కోసం కొత్తగా కలిపిన వైరు.

"గిది ఎవరు కలిపిండ్రు?"

"బడంగ్‌పేట్ శ్రీనివాసన్న. దసరా ముంగట."

శ్రీనివాస్ బ్రహ్మం దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

"చంపాపేట్ ఇంట్ల గీజర్ పెట్టినప్పుడు ఎర్త్ చూసినవా?"

"చూసుడేందన్నా, నీ ముడి ఉండె గద."

"బల్బు పెట్టి చూసినవా అంటున్న."

"గుళ్లెకు పోయి, దేవుడు లోపలున్నడా అని అడుగుతమా అన్నా? నీ ముడి ఉన్నకాడ నేనే కాదు, ఎవ్వడు పెట్టడు."

బ్రహ్మం చూపు ముడి మీదే ఉంది. "ఇగ నుంచి పెట్టు. అందరికి చెప్పు, నా ముడి ఉన్నా పెట్టాలె" అని ఫోన్ పెట్టేశాడు. సంచిలోంచి బ్లేడు తీసి ముడిని కోశాడు. ఇరవై ఏళ్లకు పైగా గట్టిగా ఉన్నది ఒక్క గీతకు విడిపోయింది. గీజర్ వైరు విప్పి, ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాడు.

"గుంత తవ్వి, ఎర్త్ పెట్టిందాక గీజర్ బంద్. నీళ్లు పొయ్యి మీద కాచుకోండ్రి. మీ ఓనరమ్మకు ఫోన్ చేసి చెప్త."

జ్యోతిక మొహం చిన్నబోయింది.

"మీరేం చెప్పకుండ్రి అంకుల్. చుర్రుమంటుందని నేను ముందే ఆమెకు చెప్పిన. చెప్పులేసుకోండమ్మా, ఏం కాదు అన్నది. మల్ల చెప్తే, ఇల్లు నచ్చకపోతే చూసుకోండి అన్నది. పాప బడి గీడనే ఉన్నది. నడిమధ్యల యాడికి పోతం?"

"నీ పేరే ఎత్తను."

"ఎత్తకున్నా నేనే చెప్పిన్ననుకుంటది. ఇంట్ల ఉండేది మేమే గద."

అదీ నిజమే. బ్రహ్మం బయటికొచ్చి గేటు పక్కన నిలబడ్డాడు. వాకిట్లో మార్బుల్ ఇంకా అద్దంలా ఉంది. గేటు మూలన మూడు బండలు లేపితే చాలు గుంతకు. అడుగులతో కొలిచాడు. స్కూటరు దాకా పోయాడు, మళ్లీ వచ్చి కొలిచాడు. అవే మూడు బండలు. లోపల పిల్ల చెప్పులు టపటపలాడించుకుంటూ తిరుగుతోంది.

జ్యోతిక పిల్ల చెప్పుల వంక చూసి, అయిష్టంగానే చీటీ మీద ఓనరు నంబరు రాసి తెచ్చి ఇచ్చింది. బ్రహ్మం ఒక్కో అంకే చూసి నొక్కాడు. ఏం చెప్పాలో ఒకసారి నోట్లోనే అనుకున్నాడు.

"అమ్మా, నేను బ్రహ్మాన్ని, కరెంటు బ్రహ్మం. మీ ఇంట్ల ఉండేటోళ్లు నన్ను పిలవలే, నా అంతల నేనే ఒచ్చిన. ఆనాడు మీరు పైపుకు కట్టమన్నరు, నేను కాదనలే, తప్పు నాదే. రేపు పొద్దుగాల మనుషులను తీస్కొస్త, మూడు బండలు లేపుత. మళ్ల నేనే ఏయిస్త. మీరొద్దన్నా లేపుత."

చివరి మాట ఇంకోసారి అనుకుని చూశాడు. ఆమె ఫోన్ ఎత్తి "బ్రహ్మంగారా, ఎన్నాళ్లకండీ" అని తియ్యగా అందంటే మళ్లీ ఎక్కడ మెత్తబడతాడోనని, ఆ చిన్న చెప్పులు కనపడేలా గుమ్మం వైపు తిరిగి నిలబడి, పచ్చ గుర్తు మీదికి వేలు తీసుకుపోయాడు.