మా గల్లీ నాలాకు ఇనుప జాలీ

అశోక్‌నగర్‌లో మా గల్లీ ఒకసారి మునిగింది. ముంచింది వాన అని జనం అనుకుంటారు గానీ, ఆ ఘనత పూర్తిగా నాది.

అరవై తొమ్మిది ప్రాంతం. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి, యాదగిరి అన్న ఇంట్లో కింది భాగంలో కిరాయికి ఉండేవాళ్ళం. పక్కనే నాలా. ఏటా మృగశిర కార్తెకు ముందే గల్లీలో మగవాళ్ళంతా పారలతో దిగి పూడిక తీయాలి. తీయకపోతే మొదటి పెద్దవానకే ఇళ్ళు మునుగుతాయి. ఇస్త్రీ చొక్కా విప్పి మోకాటి లోతు బురదలో నిలబడాలంటే నాకు తలకొట్టేసినట్టుండేది. అందుకే నా బుర్రకు పదును పెట్టాను. నాలా మా గల్లీలోకి వచ్చే చోట ఇనుప జాలీ బిగిస్తే చెత్త రాదు. చెత్త రాకపోతే పూడికే ఉండదు!

"మీ దిమాగే దిమాగ్ సార్! ఇగ నాలాల దిగే పనే లేదు" అన్నాడు యాదగిరి అన్న.

మా ఆవిడ ఒక్కతే అడిగింది: "ఆగిన చెత్తని ఎవరు తీస్తారండీ?"

"ఎవరూ తియ్యక్కర్లేదు. అక్కడే ఆగుతుంది."

"ఆగాక?"

"ఆగాక ఇంకేముంది, ఆగి ఉంటుంది!"

మీరైనా చెప్పండి, ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పగలరు?

జాలీ బిగించిన రోజు నాకు బంతిపూల దండ వేశారు. ఆ ఏడు ఎవరూ పార పట్టలేదు. నారాయణగూడలో ఆఫీసుకు పోతూ నేను రోజూ ఆగి, ఆ జాలీని కన్నబిడ్డలా చూసుకునేవాణ్ణి.

ఓ ఆదివారం మధ్యాహ్నం కుండపోత మొదలైంది. పై బస్తీల తుక్కంతా, అరటిబోదెలూ చిరిగిన పరుపుతో సహా, వచ్చి జాలీకి అతుక్కుంది. నీళ్ళు కాసేపు ఆలోచించుకుని, దగ్గర్లో ఉన్న గుమ్మం మాదే కనుక, లోపలికి దయచేశాయి.

"సార్! జర జల్ది రాండ్రి! గల్లీ మొత్తం మునుగుతున్నది!"

యాదగిరి అన్న కేకకు పరిగెత్తాను. ఇద్దరం నడుం లోతు నీళ్ళలో జాలీ బోల్టులతో కుస్తీ పట్టాం.

"ఇంత గట్టిగ బిగించిండ్రేంది సార్?"

"పని నాణ్యంగా ఉండాలి కదన్నా!"

ఎలాగో జాలీ ఊడింది. నీళ్ళు తీశాయి, మోసుకొచ్చిన తుక్కుని మాత్రం దింపేసి. ఇంటికెళితే హాల్లో ఆ చిరిగిన పరుపు, వంటింట్లో అరటిబోదెలు. మంచమెక్కి నిలబడిన మా ఆవిడ, "చెత్త ఎక్కడ ఆగుతుందో ఇప్పుడు తెలిసిందండీ" అంది.

అయినా గర్వంగానే చెబుతున్నాను. ఆ సాయంత్రం హైదరాబాదు మొత్తంలో మా నాలా అంత శుభ్రమైన నాలా ఇంకోటి లేదు. చెత్తంతా మా ఇంట్లో ఉంది కదా!

మరుసటేడు నుంచి అందరికంటే ముందు పారతో దిగింది నేనే. ఆ బురదలో నిలబడే ప్రమాణం చేశాను: కాఫీ వడపోయడానికి తప్ప ఈ జన్మలో జాలీ అన్నది ముట్టనని. అదీ మా ఆవిడ అనుమతిస్తేనే.