టీచరమ్మ చెట్టు

ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డ బస్టాండులో తల దాచుకోను నీడ ఉండేది కాదు. మొక్కలు నాటుదామని ఊళ్లో నలుగురినీ పోగుచేసింది నేను. నంద్యాల నర్సరీ నుంచి వేపమొక్కలను బస్సు టాపు మీద తెచ్చింది నేను. మేకలు మేయకుండా ముళ్లకంప కట్టి గీరుకుపోయినవి నా చేతులు. మాతో వచ్చిన టీచరమ్మ చేసిందల్లా, టీ కొట్టాయనతో గ్లాసులు కడిగిన నీళ్లు ఒక మొక్కకు పొయ్యమని చెప్పడమే. ఆ ఎంగిలినీళ్లు తాగిందొక్కటే బతికింది. మిగతావన్నీ ఎండిపోయాయి.

కొన్నేళ్ల తర్వాత మిట్టమధ్యాహ్నం నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే టీ కొట్టాయన పిలిచాడు.

"ఎండలో యాల నిలబడతాండావన్నా? టీచరమ్మ చెట్టు కిందికి రా, సల్లగుంటాది."

"ఈడే బాగుందిలే" అన్నాను.

ఆ రోజు బస్సు ఎంతకీ రాలేదు.