ప్లాస్టిక్ గొర్రెపిల్ల

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు జూన్ నెలలో నన్ను హోసూరు దగ్గరి ఒక సర్కారు ఆసుపత్రిలో బాలింతల వార్డుకు ఇన్‌చార్జిగా వేశారు. స్టాఫ్ నర్సుగా చేరి, ఎన్నో వార్డులు తిరిగి, హెడ్ నర్సునయ్యాక వచ్చిన చివరి పోస్టింగ్ అది. కాన్పు చేసేది డాక్టరమ్మ, పేరు వచ్చేదీ ఆవిడకే. బిడ్డ బయటపడిన గడియ నుంచి ఆటో ఎక్కేదాకా తల్లీబిడ్డలు మాత్రం మా చేతుల్లోనే ఉంటారు. అందులో సగానికి పైగా పని పాలు పట్టించడమే అంటే బయటివాళ్లు నమ్మరు. పాలు పట్టడం కూడా ఒకరు నేర్పాలా అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా వార్డులో ఒక మంచం మీద తమిళం, పక్క మంచం మీద కన్నడం, ఆ పక్కన మన తెలుగు వినిపించేవి. భాష ఏదైనా రొమ్ము సంగతి వచ్చేసరికి అందరూ గుసగుసల్లోకి దిగిపోతారు. నాకు గుసగుసలంటే ఒళ్లు మంట. మోకాలు ఎలా ఉందని అడిగినంత మామూలుగా అడుగుతాను. మొదట సిగ్గుపడతారు, తర్వాత వాళ్లే నోరు విప్పుతారు.

ఆ జూన్‌లోనే అశ్విని వచ్చింది. మూకండపల్లిలో కాపురం. అక్కడి ఒక కంపెనీలో చిన్న చిన్న కరెంటు బోర్డులు తయారయ్యే లైనులో చెకింగ్ పని. తప్పున్న బోర్డును పట్టుకుని ఎర్ర స్టిక్కరు వేయడం ఆమె ఉద్యోగం, అందులో ఆమెది డేగ కన్నని భర్త గొప్పగా చెప్పాడు. తొలి కాన్పు, ఆడపిల్ల. అశ్విని తల్లి కాలు విరిగి పుంగనూరులో మంచం మీద ఉండటంతో అత్త మునెమ్మ తోడుగా వచ్చింది. మునెమ్మది కుందారపల్లి, గొర్రెల మంద ఉన్న ఇల్లు. ఆవిడ నడిచినా మాట్లాడినా వార్డంతా తెలిసేది.

రెండో రోజుకు సంగతి బయటపడింది. బిడ్డ నోరు తెరుస్తుంది, రొమ్ము మీద వెతుకుతుంది, దొరక్క జారిపోతుంది, ఏడుస్తుంది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే. ఈ పాప అంతకు మించి తగ్గింది. పిల్లల డాక్టరు చూసి ఆర్డరు రాశారు. పాలు చేత్తో పిండి, పాలాడైతో పట్టాలి. పాలాడై అంటే ముక్కు ఉన్న చిన్న గిన్నె, మా వైపు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఎల్లుండి పొద్దున బరువు చూస్తాను, ఇంకా తగ్గితే డబ్బా పాలు మొదలుపెడదాం అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అశ్వినికి మాత్రం డబ్బా పాల మాట ఒక్కటే వినిపించింది.

నేను తెర లాగి, చేతులు కడుక్కుని పక్కన కూర్చుని, చూడనివ్వమన్నాను. ఆమె చాలాసేపు కొంగు తీయలేదు. తర్వాత తల వంచుకుని అంది: "సిస్టర్, నాది రిజెక్ట్ పీసు."

చనుమొనలు రెండూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. పెద్దమనిషి అయినప్పటి నుంచీ అంతేనట. స్నేహితురాళ్లకు చెప్పలేదు, భర్తకు చెప్పడానికి ఏడాది పట్టింది. పెళ్లికి ముందు ఒక్కతే బెంగళూరు వెళ్లి ఒక సర్జన్‌కు చూపించుకుంది. పిల్లలకు పాలివ్వాలనుకుంటే ఇప్పుడే ఆపరేషన్ వద్దు, ఆగమని ఆయన చెప్పాడు. ఆ మాటను ఈమె, నీకు ఇంకేం దారి లేదని అర్థం చేసుకుని తిరుగు బస్సెక్కింది.

"మీ లైన్లో తప్పు పీసు దొరికితే చెత్తలో పారేస్తారా?" అని అడిగాను.

"లేదు సిస్టర్. సరిచేసేదానికి రీవర్క్‌కి పంపుతాము."

"అయితే నిన్నూ రీవర్క్‌కే పంపుతున్నా. ఆ స్టిక్కరు తీసేయ్." ఏడుస్తూనే నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే బిగుసుకుపోయిన తల్లికి ఏమి నేర్పినా ఎక్కదు.

ఇది రోగం కాదు. చనుమొన కింద పాలనాళాలు, వాటి చుట్టూ ఉండే సన్నని నారలు కొందరిలో పుట్టుకతోనే పొట్టిగా ఉండి లోపలికి లాగుతాయి. ఎంత లాగుతున్నాయో తెలుసుకోవడానికి చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూస్తాం. కొందరికి సులువుగా బయటికి వచ్చి అలాగే నిలుస్తుంది. కొందరికి వస్తుంది, వదలగానే వెనక్కి పోతుంది. కొందరికి ఎంత చేసినా రాదు, వాళ్లు చాలా తక్కువ. అశ్వినిది నడిమి రకం. బెంగళూరు సర్జన్ ఆగమన్నదీ సబబే. ఆపరేషన్‌లో ఆ నారలను విడదీస్తారు. దాంతోపాటు నాళాలూ తెగితే ఇక అటువైపు పాలు రావు. నాళాలు తెగకుండా చేసే పద్ధతులూ ఉన్నాయి, అయితే మొన మళ్లీ లోపలికి పోవచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం అందరికీ చెబుతాను. ఇన్నాళ్లూ బాగున్న చనుమొన కొత్తగా, ముఖ్యంగా ఒక వైపే, లోపలికి పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. అది క్యాన్సర్ గుర్తు కావచ్చు.

ఇదంతా అశ్వినికి చెప్పి, కావలసినవి తేవడానికి స్టోరు గదికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి విజిటర్ల వేళ మొదలైంది. మునెమ్మ వార్డులోకి వస్తోంది, చంకలో ఒక బొద్దు పిల్ల. పక్కింటి వాళ్లదట, తొమ్మిదో నెల.

"ఎవరీ పాప? నిన్న మీకు ఒక్కరే కదా పుట్టింది" అన్నాను.

మునెమ్మ తొణక్కుండా చెప్పింది: "మా మందలో ఈనిన గొర్రెకు చన్ను సరిగా రాకుంటే గట్టి పిల్లని ఒకదాన్ని వదుల్తామమ్మా. అది రెండు గుంజులు గుంజిందంటే దారి పడిపోతుంది. ఆ పైన దాని పిల్ల సుమ్మనే, తిప్పలు లేకుండా తాగుతుంది. అందుకే ఈ పిల్లని ఎత్తుకొని వచ్చినాను."

అశ్విని కొంగు గట్టిగా కప్పుకుంది. ఆ పిల్ల మాత్రం పాల వాసన తగలగానే రెండు చేతులూ చాచింది. నేను దాన్ని అందుకుని నోట్లో వేలు పెట్టి చూశాను. కింద రెండు పళ్లు. కసుక్కున కొరికింది. నా వేలు మునెమ్మకు చూపించి, మీ కోడలి గతి ఆలోచించండి అన్నాను. పళ్ల సంగతి అలా ఉంచి, ఒకరి బిడ్డకు ఇంకొకరి రొమ్ము పట్టించనివ్వం, జబ్బులు అటూ ఇటూ అంటుకునే ప్రమాదం ఉందని కూడా విడమరిచి చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది. "మరి నా మనవరాలు ఎండిపోవల్లా?" అని గట్టిగా అడిగింది. ఆ కోపంలో భయమే ఎక్కువ.

"ముందు గట్టిగా గుంజేది ఒకటి కావాలన్నారు చూడండి, అది నిజమే. ఆ గట్టి పిల్లని నేను తెచ్చాను" అని జేబులోంచి లావుపాటి కొత్త సిరంజి తీశాను.

దీన్ని తయారు చేయడం తేలిక, తప్పు చేయడమూ తేలికే. సూది తగిలించే కొనను బ్లేడుతో పూర్తిగా కోసేయాలి. లోపలి పిడిని బయటికి తీసి, కోసిన వైపు నుంచి మళ్లీ దూర్చాలి. అప్పుడు నున్నని అంచు చర్మం మీదికి వస్తుంది, గరుకు అంచు దూరంగా ఉంటుంది. పాలు పట్టే ముందు చనుమొన మీద ఆనించి పిడిని మెల్లగా వెనక్కి లాగి కాసేపు ఉంచాలి. లాగేది తల్లే, నర్సు కాదు. నొప్పి ఎక్కడ మొదలవుతుందో ఆమెకే తెలుస్తుంది.

మునెమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఓ, ప్లాస్టిక్ గొర్రెపిల్లనా?" అంది. వార్డంతా నవ్వింది. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

సిరంజి పని చేసింది, చనుమొన బయటికి వచ్చింది. అయినా బిడ్డ పట్టలేదు. అశ్విని మళ్లీ లాగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పట్టలేదు. మరునాడు పొద్దున ఇంకోసారి చేయించి, ఈసారి నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను. అప్పుడు తప్పు దొరికింది. అశ్విని సిరంజి తీయగానే తల వంచి, నిలుస్తుందా లేదా అని పరీక్షగా చూస్తోంది. పొద్దస్తమానం బోర్డులు చూసే కళ్లు కదా, పనైన ప్రతిదాన్నీ చెక్ చేయందే ఊరుకోవు. ఆ చూసేలోపు చనుమొన వెనక్కి జారుతోంది. ఇటు మునెమ్మ, గొర్రెపిల్లను పొదుగుకు నెట్టినట్టు, బిడ్డ తలను వెనక నుంచి నెడుతోంది. తల వెనక నొక్కితే పసిబిడ్డ ఎదురు తిరిగి విల్లులా వంగుతుంది. ఇద్దరూ వాళ్ల వాళ్ల పనిలో ఆరితేరినవాళ్లే, ఆ పనితనమే బిడ్డ నోటికి అడ్డం పడింది.

అశ్వినితో, చెకింగ్ డ్యూటీ ఇవాళ్టి నుంచి నీది కాదు, బిడ్డది అన్నాను. సిరంజి తీసిన చేత్తోనే రొమ్మును కింద నుంచి పట్టుకోవాలి, కళ్లు బిడ్డ నోటి మీదే ఉండాలి. మునెమ్మతో, తల వదిలేసి భుజాలూ వీపూ పట్టండి అన్నాను. ఆవిడ గొణిగింది గానీ పట్టింది. బిడ్డ నోరు బాగా తెరిచేదాకా ఆగి, గడ్డం రొమ్ముకు తగిలేలా దగ్గరికి తెచ్చాం. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగం చాలావరకు లోపలికి వెళ్లింది. చెంపలు నిండాయి. ఒక గుటక వినిపించింది, ఆగి ఇంకొకటి.

"తాగతా ఉంది సిస్టర్" అంది అశ్విని. కళ్లనీళ్లు బిడ్డ టోపీ మీద పడుతున్నాయి.

"తాగనీ. చెకింగ్ బిడ్డదే అన్నాను కదా?"

ఆ రోజంతా అడిగినప్పుడల్లా పట్టింది, మిగిలింది పిండి పాలాడైతో పోసింది. ఇదీ కుదరకపోతే మొన మీద పెట్టే మెత్తని సిలికాన్ తొడుగు ఉంది. సరిగా చూసుకోకపోతే దానితో పాలు తగ్గుతాయి, అందుకే దాన్ని చివరికి అట్టిపెట్టుకుంటాను. ఆమెకు ఆ అవసరం రాలేదు.

డాక్టరు చెప్పిన పొద్దున బిడ్డను బట్టలు లేకుండా త్రాసులో పడుకోబెట్టాం. అంకెలు కదిలి నిలిచాయి. తగ్గలేదు, కొంచెం పెరిగింది. డాక్టరు డబ్బా పాల మాట కొట్టేసి, రెండు రోజులాగి ఇంటికి పంపవచ్చన్నారు. మునెమ్మ త్రాసును మళ్లీ ఒకసారి చూడమని పట్టుబట్టింది. మళ్లీ అదే అంకె. "మా గొర్రెలకు కూడా ఒకటి చేసియ్యమ్మా" అని సిరంజి అడిగింది. ఇవ్వలేదు.

కొన్ని నెలల తర్వాత అశ్విని లైనులో పనిచేసే గర్భిణి ఒకామె వార్డు గుమ్మంలో నిలబడి, రీవర్క్ సిస్టర్ యాడుంటుందని అడిగింది. గుసగుసగా కాదు, గట్టిగానే. గర్భంతో ఉన్నప్పుడే లాగడాలు, నొక్కడాలు అవసరం లేదని, కాన్పయిన వెంటనే నన్ను పిలిపించమని చెప్పి పంపాను.

ఆ జూన్ తర్వాత, పదవీ విరమణ దాకా, మొదటి పాలు పట్టకముందే ప్రతి తల్లినీ అడిగి, చనుమొనలు చూడటం మా వార్డులో పద్ధతిగా పెట్టాను. చనుమొన చూడటానికి ఎలా ఉందన్నది రెండో సంగతి. బిడ్డ నోరు నిండా పట్టిందా, బరువు పెరుగుతోందా అన్నవే చూడవలసినవి. అలా పట్టించేటప్పుడు నర్సు పక్కనే కూర్చుని తల్లి చేతుల్ని, బిడ్డను పట్టుకున్నవాళ్ల చేతుల్ని కూడా చూడాలి.